మందు ఎక్కించిన తర్వాతే అసలు కాపలా
క్యాన్సర్ ఇమ్యునోథెరపీలో నర్సుల బాధ్యత: విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక పరిచయం

ఉపకార వేతనాల దరఖాస్తుల కాలంలో నర్సింగ్ చదువు గురించి తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "సూది వేయడానికి, సెలైన్ బాటిల్ మార్చడానికి నాలుగేళ్ళ చదువు ఎందుకండీ?" అని. అడగడంలో తప్పు లేదు. డబ్బు కట్టేది వాళ్ళు, నాలుగేళ్ళు ఎదురు చూసేదీ వాళ్ళే. అందుకే ఈ సంచికలో ఒకే ఒక్క చికిత్సను తీసుకుని, అందులో నర్సు ఏం చేస్తుందో, చేయకపోతే ఏమవుతుందో వివరించే ప్రయత్నం చేస్తున్నాను. ఆ చికిత్స పేరు ఇమ్యునోథెరపీ. క్యాన్సర్‌కు ఇచ్చే మందుల్లో ఇది కొత్త తరం. ఇంట్లో ఎవరైనా ఈ చికిత్సలో ఉన్నవారికి కూడా ఈ వ్యాసం పనికి వస్తుంది. ఇది వైద్య సలహా మాత్రం కాదు. ఎవరి మందుల విషయం వారి డాక్టరే చెప్పాలి.

ఇమ్యునోథెరపీ అంటే ఏమిటి?

మన రక్తంలోని తెల్ల కణాల్లో టి-కణాలు అనే కాపలాదారులు ఉంటాయి. పరాయి క్రిములను, చెడిపోయిన కణాలను గుర్తించి చంపడం వాటి పని. అవి అదుపు తప్పి మన సొంత శరీరం మీదే పడకుండా వాటికి బ్రేకులు కూడా ఉంటాయి. క్యాన్సర్ కణాలు చేసే మోసం ఏమిటంటే, అవి ఆ బ్రేకును తొక్కిపెట్టి కాపలాదారులను నిలబెట్టేస్తాయి. ఆ బ్రేకు మీది ఒత్తిడిని తీసివేసే మందులనే చెక్‌పాయింట్ ఇన్‌హిబిటర్లు అంటారు. అమెరికాకు చెందిన జేమ్స్ అలిసన్ సీటీఎల్ఏ-4 అనే బ్రేకు మీద, జపాన్‌కు చెందిన తసుకు హోంజో పీడీ-1 అనే బ్రేకు మీద చేసిన పరిశోధనలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. ఇపిలిముమాబ్ అనే మందుకు 2011లో, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే మందులకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ మన దేశంలోనూ వాడుకలో ఉన్నాయి.

ఇందులో పాత పద్ధతి కూడా ఒకటుంది. చిన్నప్పుడు మనందరికీ ఎడమ చేతి మీద వేసే బీసీజీ టీకా మందునే, మూత్రాశయం లోపలి పొరలో క్యాన్సర్ వచ్చిన కొందరికి గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. అదీ ఇమ్యునోథెరపీయే. ఎక్కించిన తర్వాత సుమారు రెండు గంటలు మూత్రం ఆపుకోవాలి. ఆ తర్వాత ఆరు గంటల పాటు మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ దొడ్డిలో బ్లీచింగ్ ద్రావణం పోసి, పదిహేను నిమిషాలు ఆగి నీళ్ళు కొట్టాలి. ఎందుకంటే అందులో బతికి ఉన్న క్రిములు ఉంటాయి. ఈ సంగతి రోగికి అర్థమయ్యేలా చెప్పి పంపేది నర్సే.

ఒక అపోహను ఇక్కడే తీర్చుకోవాలి. 2020లో కరోనా వచ్చినప్పటి నుంచి "ఇమ్యూనిటీ పెంచే" కషాయాలు, పొడులు, టానిక్కులు ఇంటింటా చేరాయి. ఇమ్యునోథెరపీ అంటే అలాంటిదే కాబట్టి ప్రమాదం లేదని కొందరు అనుకుంటారు. ఇది టానిక్కు కాదు. కీమోథెరపీ కణాలను నేరుగా చంపుతుంది. అందుకే వాంతులు, జుట్టు రాలడం, తెల్ల కణాలు తగ్గడం వంటివి వస్తాయి. ఇమ్యునోథెరపీలో జుట్టు సాధారణంగా రాలదు, వాంతులు తక్కువ. రోగి చూడటానికి బాగానే ఉంటాడు. కానీ బ్రేకు తీసిన కాపలాదారులు ఒక్కోసారి క్యాన్సర్‌తో పాటు పేగును, ఊపిరితిత్తిని, కాలేయాన్ని, గ్రంథులను, చివరకు గుండెను కూడా శత్రువులనుకుని దాడి చేస్తాయి. చూడటానికి బాగుండటమే ఇక్కడ చిక్కు.

మన ప్రాంతానికి దీనితో ఏం సంబంధం?

మారికుప్పం రైల్వే స్టేషన్ నుంచి తెల్లవారుజామున బెంగళూరు బండి ఎక్కేవాళ్ళలో ఉద్యోగస్తులే కాదు, ఆసుపత్రి ఫైళ్ళు పట్టుకున్నవాళ్ళూ ఉంటారు. క్యాన్సర్ చికిత్సకు మనవాళ్ళు వెళ్ళే చోట్లలో 1973లో మొదలైన బెంగళూరు కిద్వాయి సంస్థ, వెల్లూరు సీఎంసీ ముఖ్యమైనవి. ఇమ్యునోథెరపీ మందు ఎక్కించేది అక్కడ, సాధారణంగా అరగంట నుంచి గంట సేపు. తర్వాత రోగి ఆ సాయంత్రమే ఇంటికి వచ్చేస్తాడు. మళ్ళీ రెండు, మూడు లేక ఆరు వారాలకు గాని వెళ్ళడు. అంటే ఆ మందు పని చేసే కాలమంతా, దుష్ఫలితాలు వచ్చే కాలమంతా రోగి ఉండేది మన మారికుప్పంలో, రాబర్ట్‌సన్‌పేటలో, బంగారుపేటలో. ఆసుపత్రి రెండు గంటలకు పైగా రైలు ప్రయాణం దూరంలో ఉంటుంది.

రెండో సంగతి. మన పెద్దల్లో చాలామంది గనుల్లో పనిచేసినవాళ్ళు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది గాని, రాతి ధూళి వాళ్ళ ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువ. సిలికా ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణాల్లో ఒకటని అంతర్జాతీయంగా గుర్తించారు. అలాంటి ఊపిరితిత్తి ఉన్న మనిషికి ఇమ్యునోథెరపీ ఇస్తే, కొత్తగా వచ్చిన దగ్గు పాత ధూళి దగ్గా, క్షయా, మందు వల్ల వచ్చిన వాపా అన్నది తేల్చుకోవాలి. "ఆయనకు ఎప్పుడూ ఉండే దగ్గే కదా" అని ఇంట్లో వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మూడోది నోటి క్యాన్సర్. పొగాకు నమలడం, దవడలో పెట్టుకుని నిద్రపోవడం మన జిల్లాలో పాత అలవాటు. ఇలాంటి తల, మెడ క్యాన్సర్ల మీద ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు చేసిన పరీక్ష ఫలితాలు 2022లో ప్రచురితమయ్యాయి. నివోలుమాబ్ మామూలు డోసు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. దాని ఖర్చు మన దేశంలో చాలామంది భరించలేరు. అందుకని వారు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే, మూడు రకాల మాత్రలతో కలిపి ఇచ్చి చూశారు. వ్యాధి ముదిరిన 151 మందిని రెండు జట్లుగా చేశారు. మాత్రలు మాత్రమే వాడిన జట్టులో ఏడాది తర్వాత బతికి ఉన్నవారు నూటికి 16.3 మంది, కొద్ది డోసు నివోలుమాబ్ కూడా ఇచ్చిన జట్టులో 43.4 మంది. ఆ మూడు మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చిన మందు అది.

మందుల ధర విషయంలో మరికొంత ఊరట కూడా వచ్చింది. పెంబ్రోలిజుమాబ్‌కు 2023లో, దుర్వలుమాబ్‌కు 2024లో కేంద్రం దిగుమతి సుంకం తీసివేసింది. కొద్ది డోసు పద్ధతి, సుంకం మినహాయింపు వంటి వాటి వల్ల ఈ మందులు పెద్ద పట్టణాల ధనవంతులకే పరిమితం కాకుండా మనలాంటి ఊళ్ళకూ చేరుతున్నాయి. మందు చేరినంత వేగంగా దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషులు కూడా చేరాలి. డోసు తగ్గినా కాపలా తగ్గకూడదు.

ప్రారంభ నిల్వ రాసుకోవాలి

బ్యాంకులో ఏ ఖాతాకైనా ప్రారంభ నిల్వ తెలియకుండా ముగింపు నిల్వ సరిపోయిందో లేదో చెప్పలేం. ఈ చికిత్సలోనూ అంతే. మొదటి డోసుకు ముందే నర్సు రోగి స్థితిని వివరంగా రాసుకుంటుంది. బరువు, బీపీ, నాడి, ఉష్ణోగ్రత, ఆక్సిజన్ శాతం, రోజుకు ఎన్నిసార్లు విరేచనానికి వెళ్ళే అలవాటు, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా, చర్మం మీద పాత మచ్చలు, దద్దుర్లు, కీళ్ళ నొప్పులు, సోరియాసిస్ వంటి జబ్బులు ముందే ఉన్నాయా, క్షయ వచ్చిందా, షుగరు, థైరాయిడ్ ఉన్నాయా, ఏయే మందులు, ఏయే నాటు మందులు వాడుతున్నారు.

వీటితో పాటు రక్త పరీక్షలు చేస్తారు. రక్త కణాల లెక్క, కాలేయం, మూత్రపిండాలు, షుగరు, థైరాయిడ్, హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఈసీజీ, ఛాతీ స్కాన్ వంటివి. ఇందులో కాలేయం, మూత్రపిండాలు, షుగరు పరీక్షలు ప్రతి డోసుకు ముందూ, థైరాయిడ్ పరీక్ష నెల, నెలన్నరకోసారీ మళ్ళీ చేస్తారు. "పోయినసారి చేశారు కదా, మళ్ళీ ఎందుకు డబ్బులు దండగ" అని కొందరు మానేస్తారు. కాలేయం వాపు మొదట్లో ఏ లక్షణమూ చూపించదు, రక్త పరీక్షలోనే కనిపిస్తుంది. కాబట్టి ఆ ఖర్చు దండగ కాదు.

మందు ఎక్కించే రోజు

ఈ మందులను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. సీసాను గట్టిగా కుదపకూడదు. మందును బట్టి ప్రత్యేకమైన ఫిల్టరు ఉన్న గొట్టం వాడాలి. రోగి పేరు, మందు పేరు, డోసు ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూసుకుంటారు. ఈ మందుల పేర్లన్నీ "మాబ్" అనే ముగుస్తాయి, కాబట్టి తికమక పడే అవకాశం ఎక్కువ. బ్యాంకులో పెద్ద మొత్తం చెక్కుకు రెండో సంతకం ఎందుకో ఇదీ అందుకే.

ఎక్కుతున్నప్పుడు చలి, వణుకు, జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, ఛాతీ బిగుతు, బీపీ పడిపోవడం వంటివి రావచ్చు. వచ్చిన వెంటనే డ్రిప్పు ఆపి డాక్టరును పిలవాలి. ఆ నిర్ణయానికి సెకన్ల వ్యవధే ఉంటుంది. అది తీసుకునేది పక్కనున్న నర్సే.

ఇంటికి వచ్చాక ఏం గమనించాలి?

ఈ దుష్ఫలితాలకు కచ్చితమైన గడువు లేదు. చర్మం మీద దద్దుర్లు రెండు, మూడు వారాల్లో, పేగు సమస్య ఐదారు వారాల ప్రాంతంలో, గ్రంథుల సమస్యలు ఇంకా ఆలస్యంగా కనబడటం మామూలు. కాని మందు ఆపేసిన కొన్ని నెలల తర్వాత కూడా రావచ్చు. ముఖ్యమైనవి ఇవి:

1. చర్మం: దురద, దద్దుర్లు. చాలావరకు తేలికగా తగ్గుతాయి. కాని బొబ్బలు లేచినా, చర్మం ఊడినా, నోట్లో, కళ్ళలో పుండ్లు వచ్చినా అత్యవసరం.

2. పేగు: మామూలు కంటే ఎక్కువసార్లు విరేచనాలు, కడుపు నొప్పి, రక్తం, జిగురు పడటం. రోజువారీ అలవాటు కంటే 4 నుంచి 6 సార్లు ఎక్కువైతే రెండో స్థాయి, 7 లేక అంతకు మించి ఎక్కువైతే మూడో స్థాయి, అంటే తీవ్రం. మందుల షాపులో విరేచనాలు ఆపే మాత్ర కొని మింగితే బయటికి తగ్గినట్టు కనబడి, లోపల పేగు వాపు పెరుగుతుంది. అడగకుండా వేసుకోకూడదు.

3. ఊపిరితిత్తి: కొత్తగా పొడి దగ్గు, నడిస్తే ఆయాసం, ఛాతీ నొప్పి. చికిత్సకు ముందు ఆక్సిజన్ 97 ఉండి ఇప్పుడు 93 చూపిస్తే రేపటి దాకా ఆగకూడదు.

4. కాలేయం: కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, ఆకలి లేకపోవడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి.

5. గ్రంథులు: విపరీతమైన నీరసం, చలి తట్టుకోలేకపోవడం, బరువులో మార్పు, వదలని తలనొప్పి, కళ్ళు తిరగడం. థైరాయిడ్, పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటే ఇలా ఉంటుంది. అతి దాహం, అతి మూత్రం, వాంతులు ఉంటే కొత్తగా షుగరు వచ్చిందేమో చూడాలి. అంతకు ముందు ఎప్పుడూ షుగరు లేనివారికి కూడా ఉన్నట్టుండి రావచ్చు.

6. గుండె, కండరాలు: ఛాతీలో బరువు, గుండె దడ, కాళ్ళ వాపు, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం. ఇవి అరుదు. కాని వచ్చినవారిలో ప్రాణాపాయం ఎక్కువ, అదీ తరచు మొదటి మూడు నెలల్లోనే.

ఎంతమందికి తీవ్రంగా వస్తాయి? మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద 2015లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో, నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో నూటికి 16 మందికి మందు వల్ల తీవ్ర దుష్ఫలితాలు వచ్చాయి. ఇపిలిముమాబ్ కూడా కలిపి తీసుకున్నవారిలో 55 మందికి వచ్చాయి. కాబట్టి రోగి ఏ మందు మీద ఉన్నాడో, ఒకటా రెండా అన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

"బాగున్నారా" అంటే చాలదు

ఇక్కడే నర్సు చదువు విలువ తెలుస్తుంది. ఉదాహరణకు ఒక నర్సు ఫోను చేసి "తాతా, బాగుండారా?" అంటే, పెద్దాయన "బాగుండానమ్మా" అనే అంటాడు. మర్యాదకు అంటాడు. మందు ఆపేస్తారేమో అన్న భయంతో కూడా అంటాడు. చదువుకున్న నర్సు అలా ఆగదు. "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఎన్నిసార్లు దొడ్డికి పోయారు తాతా? రాత్రి నిద్రలో లేచి పోవాల్సి వచ్చిందా? పోయిన వారం గుడి దాకా నడిచారు కదా, ఇప్పుడు నడిస్తే మధ్యలో ఆగాల్సి వస్తుందా? పొద్దున బరువు చూసుకున్నారా?" అని అడుగుతుంది. జవాబులను మొదట రాసుకున్న లెక్కతో పోల్చి ఏ స్థాయిలో ఉందో తేల్చి డాక్టరుకు చెబుతుంది.

ఇలా అడగడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా అంటే, ఉందని రుజువైంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో క్యాన్సర్ ముదిరి కీమోథెరపీ తీసుకుంటున్న 766 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఒక జట్టు రోగులు తమ లక్షణాలను ఎప్పటికప్పుడు కంప్యూటరులో నమోదు చేసేవారు. ఏదైనా ఎక్కువైతే నర్సుకు వెంటనే సమాచారం వెళ్ళేది. నర్సు కల్పించుకుని సలహా ఇచ్చేది. రెండో జట్టుకు మామూలు పద్ధతే. మామూలు జట్టులో మధ్యస్థ జీవితకాలం 26 నెలలు ఉంటే, లక్షణాలు నమోదు చేసిన జట్టులో 31.2 నెలలు ఉంది. కొత్త మందు ఏదీ ఇవ్వలేదు. అడగడం, వినడం, వెంటనే స్పందించడం, అంతే. ఐదు నెలలకు పైగా ఆయుష్షు.

మన కోలార్ బంగారు గనుల్లో పనిచేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. లోతు గనుల్లో రాయి పగిలి విరుచుకుపడే రాక్ బర్స్ట్ ప్రమాదాలను పసిగట్టడానికి భూమి లోపలి చిన్న చిన్న అదురులను యంత్రాలతో వినేవారు. పెద్ద దెబ్బకు ముందు వచ్చే చిన్న చప్పుళ్ళను లెక్కపెట్టడమే ఆ పని. ఈ నర్సు చేసేదీ అదే.

స్టెరాయిడ్ల విషయం

దుష్ఫలితం మొదటి స్థాయిలో ఉంటే సాధారణంగా చికిత్స కొనసాగిస్తూ గమనిస్తారు. రెండో స్థాయిలో డోసు వాయిదా వేసి, అవసరమైతే ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడతారు. మూడు, నాలుగు స్థాయిల్లో ఆసుపత్రిలో చేర్చి ఎక్కువ డోసు ఇస్తారు. నాలుగో స్థాయిలో చాలావరకు ఇమ్యునోథెరపీని శాశ్వతంగా ఆపేస్తారు. గ్రంథుల సమస్యకు మాత్రం తగ్గిన హార్మోనును మాత్రగానో, ఇన్సులిన్ సూదిగానో ఇస్తూ చికిత్స కొనసాగించవచ్చు. ఆ మాత్రలు తరచు జీవితాంతం వేసుకోవాల్సి వస్తుంది.

ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు, తగ్గిందని స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా మానేయడం. వీటిని నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం మెల్లగా తగ్గిస్తూ రావాలి. ఉన్నట్టుండి ఆపితే వాపు తిరగబెడుతుంది, బీపీ పడిపోవచ్చు కూడా. వారం వారం ఎన్ని మాత్రలో నర్సు ఒక కాగితం మీద తేదీలతో రాసిస్తే, ఆ కాగితం గోడకు అంటించుకోవాలి. మాత్రలు తిన్న తర్వాతే వేసుకోవాలి. షుగరు పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. పాత క్షయ ఉన్నవారిలో అది తిరిగి లేచే ప్రమాదం ఉంది కాబట్టి సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే చెప్పాలి. గని కార్మికుల కుటుంబాలు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

రోగి చేతిరాత చూసే నర్సు

ఇమ్యునోథెరపీలో మరో శాఖ కార్-టి కణ చికిత్స. రోగి టి-కణాలను బయటికి తీసి, ప్రయోగశాలలో క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి, తిరిగి ఎక్కిస్తారు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి చేసిన కృషితో వచ్చిన నెక్స్‌కార్19 అనే చికిత్సకు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి లభించింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని జాతికి అంకితం చేశారు. కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు ఇది వాడతారు.

దీని తర్వాత కొద్ది రోజులు రోగిని గంట గంటకూ కనిపెట్టాలి. 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాకపోవచ్చు, ఒళ్ళంతా వాపు మొదలైన సూచన కావచ్చు. మెదడు మీద ప్రభావం పడుతుందేమో తెలుసుకోవడానికి నర్సు రోజూ పది మార్కుల చిన్న పరీక్ష పెడుతుంది. సంవత్సరం, నెల, ఊరు, ఆసుపత్రి పేరు చెప్పించడం. మూడు వస్తువుల పేర్లు అడగడం. ఒక చిన్న పని చెప్పి చేయించడం. ఒక వాక్యం రాయించడం. నూరు నుంచి పది పది తగ్గిస్తూ లెక్కపెట్టించడం. నిన్న గుండ్రంగా రాసిన మనిషి ఇవాళ అక్షరాలు వంకరగా రాస్తే, అది వెంటనే డాక్టరుకు చెప్పవలసిన విషయం. స్కాన్ యంత్రం కంటే ముందు పెన్ను, కాగితం చెబుతాయి.

ఆలోచించండి. ఈ పరీక్ష రోగికి తెలిసిన భాషలో పెట్టకపోతే ఏమవుతుంది? తెలుగు మాత్రమే వచ్చిన అమ్మను ఇంగ్లీషులో నెల పేరు అడిగి, చెప్పలేకపోతే మెదడు దెబ్బతిందని రాసుకోవాలా? మన పిల్లలకు ఇక్కడే ఒక మేలు ఉంది. తెలుగు, తమిళం, కన్నడం వీధిలో ఆడుకుంటూనే నేర్చుకున్నవాళ్ళు వీళ్ళు. బెంగళూరు వార్డులో ఈ మూడు భాషల్లోనూ "నిన్న రాత్రి ఎన్నిసార్లు?" అని అడగగలిగిన నర్సు ఎంత విలువైన మనిషో చెప్పనక్కరలేదు.

ఇంటివారు చేయవలసినవి

1. రోగి ఇమ్యునోథెరపీలో ఉన్నట్టు తెలిపే కార్డు ఆసుపత్రి నుంచి అడిగి తీసుకుని ఎప్పుడూ జేబులో ఉంచాలి. ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి పోయినా, పంటి డాక్టరు అయినా సరే, ముందు ఆ కార్డు చూపించాలి. చూపించకపోతే మామూలు విరేచనాలు, మామూలు దగ్గు అనుకునే ప్రమాదం ఉంది.

2. ఒక నోటు పుస్తకంలో రోజూ తేదీ వేసి ఉష్ణోగ్రత, బరువు, విరేచనాల సంఖ్య, ఆక్సిజన్ శాతం రాయాలి. హైస్కూలు పిల్లలు ఈ పని చక్కగా చేయగలరు.

3. పగలు ఎవరికి, రాత్రి ఎవరికి ఫోను చేయాలో ఆసుపత్రి వదిలి వచ్చే ముందే రాసుకోవాలి.

4. టీకాలు, నాటు మందులు, "ఇమ్యూనిటీ" పొడులు ఏవైనా అడిగిన తర్వాతే.

5. బిడ్డలు కనే వయసు స్త్రీలు చికిత్స కాలంలోనూ, ఆఖరి డోసు తర్వాత నాలుగైదు నెలల దాకా గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. ఎంత కాలమన్నది మందును బట్టి డాక్టరు చెబుతారు.

6. చికిత్స ముగిసినా కార్డు, పుస్తకం పారేయకూడదు.

ఈ చదువుకు దారి

పి.యు.సి.లో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు, ఇంగ్లీషు చదివినవారు నాలుగేళ్ళ బి.ఎస్సి. నర్సింగ్‌లో చేరవచ్చు. మూడేళ్ళ జి.ఎన్.ఎం. డిప్లొమాకు ఇతర గ్రూపులవారు కూడా అర్హులే. జి.ఎన్.ఎం. చేసినవారు తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సి. చేయవచ్చు. క్యాన్సర్ విభాగంలో పనిచేయదలచినవారికి ఏడాది పాటు ఆంకాలజీ నర్సింగ్ డిప్లొమా ఉంది. కోర్సు పూర్తయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంటేనే ఉద్యోగం. పురుషులూ ఈ చదువు చదవవచ్చు, చదువుతున్నారు.

చేరే ముందు మూడు విషయాలు చూడండి. కళాశాలకు, కోర్సుకు గుర్తింపు ఉందా. శిక్షణకు సొంత ఆసుపత్రి లేక ఒప్పందం ఉన్న పెద్ద ఆసుపత్రి ఉందా. ఫీజు ఎంతో లిఖితపూర్వకంగా ఇస్తారా. మధ్యవర్తుల చేతికి అసలు మార్కుల కార్డులు ఇవ్వకండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కట్టకండి. విద్యా రుణానికి విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయవచ్చు. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం 4 లక్షల రూపాయల దాకా రుణానికి మీ వాటాగా మార్జిన్ సొమ్ము అడగరు. ఉపకార వేతనం, రుణం రెండూ కలిపి లెక్క వేసుకుని చేరండి.

మొదటి ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పవచ్చు. సూది వేయడం కొద్ది రోజుల్లో నేర్చుకోవచ్చు. సూది వేసిన ఇరవయ్యో రోజున, మారికుప్పంలో ఇంట్లో పడుకున్న మనిషి "బాగుండాను" అన్నప్పుడు అది నిజమో కాదో కనిపెట్టడానికే ఆ నాలుగేళ్ళు. అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీకు ఆ ఓపిక, ఆ శ్రద్ధ ఉంటే దరఖాస్తులో నర్సింగ్ అని రాయడానికి సంకోచించకండి. తల్లిదండ్రులు కూడా వారిని వెనక్కు లాగవద్దని మనవి.